అలసిపోనివ్వకూడని మనిషి

దూదిబాబు ఈ లోకంలోకి రావలసిన సమయం కంటే రెండు నెలలు ముందే వచ్చేశాడు. ఆ తరువాత జీవితంలో అతడు దేనికీ ముందు వెళ్లలేదు. ఆ ఒక్క తొందరకే అతనిలోని చురుకంతా ఖర్చయిపోయిందని అతని భార్య అభిప్రాయం. పెళ్లయిన కొత్తలో ఏర్పడిన ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసిన అవసరం ఆమెకు చాలాకాలం రాలేదు.

పుట్టినప్పుడు అతడు రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత ఉండేవాడట. కొన్ని వారాలు అద్దాలపెట్టెలో ఉంచి, ఊపిరి తనంతట తాను తీసుకోగలడని నమ్మకం కుదిరాక ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపారు. దూదిలో చుట్టి తెచ్చారు కాబట్టి దూదిబాబు. అసలు పేరు ఒకటుంది గాని, జీతాలిచ్చే రోజున తప్ప దానితో ఎవరికీ పని పడదు.

పంపేటప్పుడు నర్సు ఒకావిడ గుమ్మం దాకా వచ్చి, "బాబును అలసిపోనివ్వకండి" అని చెప్పింది. చెప్పింది తల్లికి కాదు. ఆవిడ ఇంకా మంచం మీదే ఉంది. తండ్రికీ కాదు, ఆయన బండి మాట్లాడడానికి వెళ్లాడు. బిడ్డను ఎత్తుకుని నిలబడింది పద్నాలుగేళ్ల అక్క. మాట ఆమె చెవిన పడింది. ఎప్పటిదాకా అలసిపోనివ్వకూడదో నర్సు చెప్పలేదు, అక్క అడగలేదు. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ కుటుంబాన్ని ఏలిన శాసనం ఈ విధంగా, గడువన్నది లేకుండా, ఆసుపత్రి గుమ్మంలో అమల్లోకి వచ్చింది.

అక్క శాసనాలను తేలికగా తీసుకునే మనిషి కాదు. ఆ చలికాలమంతా తమ్ముణ్ని గుండెకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని కూర్చుంది. బిడ్డకు వెచ్చదనం మనిషి ఒంటి నుంచి అందాలని చెప్పారు. తల్లి ఒంట్లో ఆ ఓపిక లేదు. అక్క కూర్చునే తినేది, కూర్చునే కునికేది. ఆ ఏడు పరీక్షలు రాయలేదు. మరుసటి ఏడు రాద్దామనుకునే సరికి తమ్ముడు పాకడం మొదలుపెట్టాడు. పాకడమంటే అలసట. కనక కావలి మనిషి కావాలి. ఆమె చదువు అంతటితో ముగిసింది. ఈ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల అది ఇంట్లో ఒక బీరువాలాగా, అందరూ పక్కనుంచి తప్పుకుని నడిచే వస్తువై నిలబడిపోయింది.

పాకబోతే ఎత్తుకున్నారు. నడవబోతే కూర్చోబెట్టారు. బడికి వెళ్లే వయసులో పుస్తకాల సంచి అక్క మోసింది. సంచితో పాటు వాణ్నీ మోయాలనుకుంది గాని వాడే సిగ్గుపడ్డాడు. ఆటల పీరియడ్‌లో వాడి పాత్ర గట్టు మీద కూర్చోవడం. ఒకసారి ఆటల మాస్టారు ఏమరుపాటున వాణ్ని పరుగుపందెంలో నిలబెట్టాడు. ఈల ఊదేలోపే అక్క మైదానంలోకి వచ్చింది. ఆ తరువాత ఆ మాస్టారు వాణ్ని చప్పట్లు కొట్టమని కూడా అడగడానికి భయపడేవాడు.

"నువ్వు కూర్చో బాబూ, హాయిగా కూర్చో. మీ అక్క వస్తే నాకు అలసట వస్తుంది" అనేవాడు.

వాడు కూర్చున్నాడు. అందులో కష్టమేముంది? ఇది మరువకూడదు. అణగదొక్కబడిన వీరుడేమీ కాడు దూదిబాబు. కుర్చీకీ అతనికీ మధ్య మొదటి నుంచీ ఒక గాఢమైన అవగాహన ఉండేది.

అక్కకు సిటీ బస్సులో కండక్టరు ఉద్యోగం వచ్చింది. రోజంతా నిలబడి, కదిలే బస్సులో ముందుకీ వెనక్కీ తిరుగుతూ, "జరగండి, జరగండి, లోపల ఆటస్థలమంత చోటుంది" అని కేకలు వేస్తూ ఆమె ఇనుపకడ్డీలా తయారైంది. యాభై ఏడేళ్లొచ్చినా ఆమె మెట్లెక్కితే వెనక వచ్చేవాళ్లు అందుకోలేరు. తన బస్సెక్కే పెద్ద మనుషులందరినీ పీడించి చివరికి తమ్ముడికో ఉద్యోగం సంపాదించింది. పెద్దాసుపత్రిలో లిఫ్టు నడపడం. ఆరంతస్తుల భవనంలో ఒక్క మెట్టైనా ఎక్కనక్కరలేని కొలువు. ఇంతకంటే శాసనానికి అనుగుణమైన ఉద్యోగం ప్రపంచంలో లేదని ఆమె తేల్చింది, అది నిజమే కావచ్చు.

లిఫ్టు పాతది. జాలీ తలుపు రెండు చేతులా లాగితే తప్ప పడేది కాదు. ఆ లాగడం ఒక్కటే దూదిబాబు దేహశ్రమ. లోపల ఎత్తైన స్టూలు, దాని మీద అక్క కుట్టిచ్చిన మెత్త. స్ట్రెచర్ ఎక్కితే కాళ్లు స్టూలు మీదికి ముడుచుకునేవాడు. పైకి వెళ్లేవాళ్ల ముఖాలు చూసి ఏ అంతస్తో అడగకుండానే మీట నొక్కేవాడు. మనిషి మెత్తన, మాట మెత్తన. రోగులకు అతనంటే ఇష్టం.

పెళ్లి కూడా ఆ భవనంలోనే కుదిరింది. కింది అంతస్తు కుట్టుగదిలో దుప్పట్లకు అంచులు కుట్టే అమ్మాయి రోజూ మూటలతో లిఫ్టెక్కేది. పెళ్లి మాటలప్పుడు అక్క దాపరికం లేకుండా చెప్పింది.

"చూడమ్మాయ్, మావాడు బరువులెత్తడు. పరుగెత్తడు. ఎక్కువసేపు నిలబడడు. ఏడో నెలలో పుట్టాడు."

"మాట్లాడతాడా వదినా?"

"మాట్లాడతాడు. మెల్లగా."

"అయితే సరే. ఎత్తేవాళ్లూ పరుగెత్తేవాళ్లూ మా ఇంట్లో బోలెడంతమంది ఉన్నారు. వినేవాళ్లే లేరు."

ఇలా కొన్నేళ్లు సుఖంగా గడిచాయి. దూదిబాబు నలభై దాటాడు, పొట్ట అతన్ని దాటింది. ఇంతలో ఆసుపత్రి యాజమాన్యానికి హఠాత్తుగా తమ సిబ్బంది ఆరోగ్యం మీద మమకారం పుట్టి అందరికీ పరీక్షలు జరిగాయి. దూదిబాబు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టిన నర్సు, అంకె చూసి, పట్టీ చెడిపోయిందనుకుని ఇంకోటి తెచ్చింది. అదీ అదే అంకె చెప్పింది. రక్తంలో చక్కెర గీత మీద నిలబడి అటు దూకాలా ఇటు దూకాలా అని ఆలోచిస్తోంది. అతన్ని నాలుగో అంతస్తులో గుండె డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఏళ్ల తరబడి ఆవిడను అతనే నాలుగో అంతస్తుకు తీసుకెళ్లాడు. ఈసారి ఆవిడ కోసం వెళ్లాడు.

"మీ అమ్మానాన్నలకు బీపీ ఉందా?"

"లేదండి."

"సిగరెట్లు, తాగుడు?"

"అవి అలసట మేడమ్" అన్నాడు దూదిబాబు, అలవాటు కొద్దీ.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "నెలలు నిండాకే పుట్టారా?"

దూదిబాబు ముఖం వెలిగింది. తన జీవితంలో చెప్పుకోదగ్గ ఘనకార్యం అదొక్కటే. ఇంతవరకూ ఏ డాక్టరూ దాని గురించి అడిగి గౌరవించలేదు. అద్దాలపెట్టె, దూది, అరచేతులు, అన్నీ చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, మెల్లగా వివరించింది. నెలలు తక్కువగా పుట్టినవాళ్లలో పెద్దయ్యాక బీపీ, చక్కెర జబ్బు, గుండె ఇబ్బందులు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే కొంత ఎక్కువ. అందరికీ వస్తాయని కాదు, అవకాశం ఎక్కువ. గుండె, రక్తనాళాలు, మూత్రపిండాలు లోపల తయారవుతుండగానే బయటి పని మొదలుపెట్టవలసి వచ్చింది కదా.

"అందుకే మీలాంటివాళ్లు ఒళ్లు కదపడం మరీ ముఖ్యం. వ్యాయామం ఏం చేస్తారు?"

"రోజంతా పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాను మేడమ్."

"తిరిగేది లిఫ్టు. మీరు?"

దూదిబాబుకు స్టూలు మీది మెత్త గుర్తొచ్చింది.

గుండెను తెర మీద చూశారు, తీగలు పెట్టి గీతలు తీశారు, కదిలే పట్టా మీద నడిపించారు. పట్టా కదలగానే అతడు కడ్డీని పట్టుకున్న తీరు చూస్తే, వరదలో కొట్టుకుపోతూ చెట్టుకొమ్మను పట్టుకున్నాడనిపించేది. చాలా తొందరగా ఆపేయాల్సి వచ్చింది. అంతా చూసి డాక్టరమ్మ తీర్పు చెప్పింది.

"మీ గుండెలో కంగారు పడాల్సిన లోపమేమీ లేదు. దానికి పని నేర్పలేదు, అంతే."

"కూర్చుని వేసుకునే మాత్రేదైనా ఇస్తారా మేడమ్?"

"మాత్ర ఇస్తాను. దాంతో పాటు నడక. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, రోజూ. ఇంకొన్నేళ్లు ఇలాగే కూర్చుంటే నా దగ్గరికి మీ లిఫ్టులోనే పడుకుని వస్తారు."

దూదిబాబు భయపడ్డాడు. చావుకు కొంత భయపడ్డాడు; అంతకంటే ఎక్కువగా, ఈ మాట అక్కకు ఎలా చెప్పాలా అని భయపడ్డాడు. ఇన్నేళ్లూ తాను బతికి ఉండడం అక్క చేతి పని. ఆ పనితనంలో సగం తన కుర్చీయే. ఇప్పుడా కుర్చీయే తనను చంపుతోందని ఆమెతో అనాలి. అనకపోతే కూర్చునే ఉండాలి. నడిస్తే ఆమె గుండె, నడవకపోతే తన గుండె. దూదిబాబు తనకు తోచిన ఉపాయం పన్నాడు. ఆ మాట డాక్టరమ్మ చేతే చెప్పించడానికి అక్కను తీసుకొచ్చాడు.

అక్క డ్యూటీ దుస్తుల్లోనే, భుజాన తోలుసంచితో వచ్చింది. భార్య కుట్టుగది నుంచి, చీరకు దారప్పోగులతో వచ్చింది. డాక్టరమ్మ అంతా మళ్లీ చెప్పింది.

"నడవాలా?" అంది అక్క. "వీడా?"

"ఆయనే."

"మీకు తెలీదు డాక్టరుగారూ. వీడు పుట్టినప్పుడు మీరు చూడలేదు. పిల్లికూన నయం. ఆసుపత్రి నర్సే స్వయంగా చెప్పింది నాకు, బాబును అలసిపోనివ్వకండి అని."

"ఎప్పుడు చెప్పింది?"

"ఇంటికి తీసుకెళ్లే రోజు."

డాక్టరమ్మ తెలివైన మనిషి. కాని తెలివైనవాళ్లకు కూడా నోటి దాకా వచ్చిన నిజాన్ని ఆపుకోవడం కష్టం. "అది పాలు తాగేటప్పటి మాటమ్మా. నెలలు నిండని పిల్లలు పాలు లాగలేక అలిసిపోయి నిద్రపోతారు, కడుపు నిండదు. అందుకని ఆ మొదటి వారాల్లో కాస్త కాస్తగా పట్టమని చెబుతారు. ఆ తరువాత పిల్లల్ని మామూలుగా ఆడుకోనివ్వాలి."

గోడ మీద గుండె బొమ్మ ఒకటి, ఎర్ర గొట్టాలూ నీలి గొట్టాలూ బయటపెట్టుకుని వేలాడుతోంది. అక్క దానివైపు చూస్తూ కూర్చుంది.

వాతావరణాన్ని తేలిక చేయాలని భార్య కలగజేసుకుంది. "ఈ నడక ఎప్పటిదాకా డాక్టరుగారూ? ఇప్పుడే చెప్పెయ్యండి. మా ఇంట్లో గడువు అడక్కపోతే తరాలు గడిచిపోతాయి."

"ఎప్పటికీ" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "మొదట్లో ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఉంచారని మీ తమ్ముడు చెప్పారు చూడండి, అది మాత్రం చాలా మంచి పని చేశారమ్మా."

ఆ చివరి మాట అక్క చెవికెక్కిందో లేదో. "నా బస్సు టైమైంది" అని లేచి వెళ్లిపోయింది. లిఫ్టు కోసం ఆగలేదు.

తరువాత ఆమె తమ్ముడింటికి రావడం మానేసింది. కోపగించి కాదు. కోపగిస్తే కేకలు వినపడేవి. ఆమె కేకలు వీధి చివర దాకా వినపడతాయి. ఏ కేకా లేదు.

"వదిన ఫోన్లో పొడిపొడిగా మాట్లాడుతోందండీ" అంది భార్య.

"నేను నడవడం లేదని చెప్పు."

"నిజంగానే నడవడం లేదుగా!"

"అందుకే చెప్పమంటున్నా."

భార్య కత్తెర కింద పెట్టింది. "చూడండి. మీ అక్కయ్య మీద ప్రేమతో మీరు చచ్చిపోతే ఆవిడ సంతోషిస్తుందనుకుంటున్నారా? పైగా నేనేం కావాలి? నాకు వినేవాళ్లెవరు?"

ఇందులో తర్కం ఉందని దూదిబాబు ఒప్పుకోవలసి వచ్చింది. మరునాడు మధ్యాహ్నం, సందర్శకుల రద్దీ తగ్గాక, పక్క లిఫ్టు నడిపేవాణ్ని పిలిచి తన లిఫ్టు మీద కూడా ఒక కన్నేసి ఉంచమని చెప్పాడు. పక్క లిఫ్టువాడు లిఫ్టు ఆపరేటర్ల సంఘానికి కార్యదర్శి; సంఘంలో ఉన్నది ఇద్దరే.

"ఎక్కడికి బావా?" అని అడిగాడు. చుట్టరికమేమీ లేదు, అభిమానం కొద్దీ పిలుపు.

"మెట్లెక్కడానికి."

"మెట్లా! మనమే మెట్లెక్కితే జనం లిఫ్టెందుకెక్కుతారు? మన పొట్ట మనమే కొట్టుకుంటామా?"

"పొట్ట తగ్గించుకోమనే చెప్పారు."

"నువ్వెళ్తున్నది నేను చూళ్లేదు. సంఘం తరఫున చూళ్లేదు."

మొదటి మలుపు దగ్గరకే దూదిబాబు గుండె చెవుల్లో కొట్టుకుంది. ముఖం కాలింది. ఇదే అలసట కాబోలు అనుకున్నాడు. ఇన్నేళ్లూ కుటుంబం యావత్తూ ఎవరిని గుమ్మం బయట నిలబెట్టిందో ఆ పెద్దమనిషి ఇతనే కాబోలు. మెట్టు మీద కూలబడి మిగతా కార్యక్రమం కోసం ఎదురుచూశాడు. బక్కెట్టుతో దిగుతున్న వార్డు ఆయా ఆగింది.

"ఏం బాబూ, కరెంటు పోయిందా?"

"లేదమ్మా. చూస్తున్నా."

"ఏం చూస్తున్నావ్?"

అతడు చూస్తున్నది ఇది. గుండె దడ మెల్లగా తగ్గింది. చెవుల్లో చప్పుడు ఆగింది. ముఖం చల్లబడింది. కాసేపట్లో అతడు మెట్టు మీద కూర్చున్న మామూలు మనిషి. అలసట వస్తుంది, పోతుంది. ఈ చిన్న సంగతి పసిపిల్లలందరికీ మొదటి పరుగులోనే తెలుస్తుంది. దూదిబాబుకు నలభై దాటాక, ఫినాయిలు వాసన వేసే మెట్ల మీద తెలిసింది. వస్తే ఇక పోదనుకుని ఇంతకాలం దాన్ని రానివ్వలేదు.

ఆ తరువాత రోజూ ఎక్కాడు. మలుపు మలుపుకీ ఆగేవాడు, గోడకు ఆనుకునేవాడు, దిగివచ్చే వాళ్లకు మర్యాదగా దారిచ్చేవాడు. కొన్నాళ్లకు రెండో అంతస్తు, ఇంకొన్నాళ్లకు మూడోది. మొదట్లో కీళ్లన్నీ మొరపెట్టుకున్నాయి, తరువాత మొరపెట్టుకోవడం మానేశాయి. ఇది సంతోషంగా ఉందని అతడు చెప్పలేడు. కూర్చోవడమే బాగుంటుందని అతని నిశ్చితాభిప్రాయం. కాని నడుస్తున్నాడు. అక్కకు చెప్పలేదు.

చెప్పనక్కరలేకపోయింది. వార్డు ఆయా రోజూ ఎక్కేది అక్క బస్సే. ఒకనాడు, "మీ తమ్ముడు పాపం మెట్ల మీద ఒగరుస్తున్నాడు, లిఫ్టు ఉద్యోగం తీసేశారా?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం అక్క వచ్చింది. బస్సును డిపోలో పెట్టించి మరీ వచ్చింది. దూదిబాబు మూడో అంతస్తు దాటి, నాలుగోదానికి వెళ్లే మలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కిందినుంచి బూట్ల చప్పుడు వినగానే ఎవరో తెలిసిపోయింది. ఆ ఆసుపత్రిలో అంత వేగంగా మెట్లెక్కేవాళ్లు ఎవరూ లేరు.

"దిగు" అంది అక్క.

"అక్కా..."

"దిగమంటున్నాను. ముఖం చూడు, దానిమ్మగింజలా ఎలా అయిందో. చెమటలు చూడు. ఒరేయ్, నీకేమన్నా అయితే..."

"ఏం కాదు. ఇలాగే అవుతుంది, మళ్లీ తగ్గుతుంది. ఒక్క నిమిషం నిలబడు, చూద్దువుగాని."

"ఏం చూసేది?"

"నిలబడక్కా."

జీవితంలో మొదటిసారి తమ్ముడు ఆమెకు ఆజ్ఞ ఇచ్చాడు. ఆ విడ్డూరానికే కాబోలు ఆమె ఆగిపోయింది. ఇద్దరూ మెట్ల మలుపులో ఎదురెదురుగా నిలబడ్డారు. కిటికీలోంచి వచ్చే వెలుగు అతని ముఖం మీద పడుతోంది. అక్క కళ్లార్పకుండా చూసింది. రొమ్ము ఎగసి పడడం చూసింది, ముక్కుపుటాలు అదరడం చూసింది. ఆ అదరడం తగ్గడం చూసింది. ఎరుపు చెంపల మీంచి మెడకు, మెడ మీంచి ఎక్కడికో వెళ్లిపోయింది. పై మెట్ల మీంచి ఎవరో దిగి, వీళ్ల మధ్యలోంచి వెళ్లాలా పక్కనుంచి వెళ్లాలా అని తటపటాయించి, పక్కనుంచి వెళ్లారు.

"తగ్గింది" అంది అక్క.

"తగ్గుతుంది."

"ఇలా తగ్గుతుందని నాకెవరూ చెప్పలేదురా."

ఆమె గొంతులో కండక్టరు లేదు.

"అయితే నేను చేసిందంతా తప్పేనన్నమాట" అంది ఆమె, కిటికీ వైపు చూస్తూ.

అబద్ధమాడదామనుకున్నాడు. కాని అలసట వల్లనో ఏమో అబద్ధం దొరకలేదు. "అంతా కాదక్కా. మొదటి కొన్ని నెలలూ నన్ను ఒంటికి ఆనించుకుని ఉంచడం చాలా మంచి పనంది డాక్టరమ్మ. నువ్వు విన్లేదు."

"మరి మిగతా నలభై ఏళ్లు?"

"మిగతా నలభై ఏళ్లూ నేను మాత్రం లేచానా? ఎవరు లేపినా లేచేవాణ్ని కాదు. హాయిగా ఉండేది."

అక్క అతనివైపు తిరిగింది. కొడుతుందేమో అనిపించింది. "సోమరి వెధవ" అంది. "నేను పాడు చేశాననుకున్నాను. నీకు సహజంగానే ఉందన్నమాట."

"కొంత ఉంది."

ఆమె పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమెకు చెమట పట్టలేదు. తరువాత పై మెట్లవైపు చూసి, తోలుసంచిని వీపు వెనక్కి నెట్టింది.

"ఇంకా ఎంత ఎక్కాలి?"

"ఇవాళ్టికి నాలుగో అంతస్తు దాకా."

"పద."

అతడు ఎక్కడం మొదలుపెట్టాడు. ఆమె వెనకాలే, ఒక మెట్టు కింద, రెండు చేతులూ ముందుకు చాచి ఎక్కింది, అతడు వెనక్కి పడితే పట్టుకోవడానికి. బొద్దుగా ఉన్న మధ్యవయసు మనిషి వెనక, పసివాడి వెనక నడిచినట్టు చేతులు చాచుకుని నడిచే కండక్టరమ్మను చూసి దిగేవాళ్లు గోడకు అంటుకుపోయారు. దూదిబాబు వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగో అంతస్తు గడప దగ్గర అతడు ఆగి, మెట్ల కడ్డీ పట్టుకుని ఒగర్చాడు. అక్క చేతులు దించలేదు. దిగమనీ అనలేదు. అతని ఊపిరి కుదుటపడే దాకా అక్కడే నిలబడింది.